నగను తిప్పి చూడాలి

ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా పెళ్ళి నగలకని కొట్టు మెట్లెక్కిన కుటుంబం ముందుగా అడిగే ప్రశ్నలు రెండే. ఎన్ని కాసులు తూగుతుంది? బంగారం ఏ వన్నె? మొదటిదానికి తక్కెడ జవాబు చెబుతుంది. రెండోదానికి ఒకప్పుడు గీటురాయి చెప్పేది, ఇప్పుడు హాల్‌మార్కు చెబుతోంది. ఆ తర్వాత బేరమంతా మజూరి మీదికీ తరుగు మీదికీ మళ్ళుతుంది. 2025 ఏప్రిల్‌లో 10 గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలను తాకింది. అప్పటినుంచి 'లైట్ వెయిట్' అన్న మాట బల్లకు రెండు వైపులా ఇంకా ఎక్కువగా వినబడుతోంది. పలచని రేకును అచ్చులో నొక్కి, తీగలూ పూలూ హంసలూ ఉబ్బెత్తుగా తేల్చిన నగలివి. చూపుకు ఐదు కాసుల నగలా ఉంటుంది, తూస్తే రెండు కాసులు దాటదు. చేతిలోకి తీసుకున్న పెద్దవాళ్ళు ఒక్క మాటతో తేల్చేస్తారు: "ఒట్టి రేకమ్మా, గట్టిది కాదు." ఆ తీర్పులో సగమే నిజముంది. నగ గట్టిదనం బంగారం బరువు మీద ఎంత ఆధారపడుతుందో, ఆ రేకును ఏ రూపానికి వంచారు, ముద్ర ఎంత లోతుకు దించారు అన్నదాని మీదా అంతే ఆధారపడుతుంది. ఈ మూడో లెక్కను కొనేవాళ్ళు అడగరు, అమ్మేవాళ్ళు చెప్పరు, బిల్లులో రాయరు. దాన్ని అడగడం ఎందుకు నేర్చుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందు చిన్న గణితం. కాసు బంగారం అంటే 8 గ్రాములు. నగలకు వాడే 22 క్యారెట్ల బంగారం ఘన సెంటీమీటరుకు సుమారు 17.7 గ్రాములు తూగుతుంది. ఆ కాసును 1 మిల్లీమీటరు మందాన సాగగొడితే దాదాపు నాలుగున్నర చదరపు సెంటీమీటర్ల రేకు వస్తుంది, అంటే 22 మిల్లీమీటర్ల వ్యాసమున్న రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్ద ముక్క. అదే కాసును 0.2 మిల్లీమీటర్లకు సాగదీస్తే అటువంటి బిళ్ళలు దాదాపు ఆరు వస్తాయి. కాసుల పేరులాంటి నగ మధ్యతరగతి మెడలోకి రావడానికి ఈ లెక్కే కారణం. చిక్కల్లా ఆ రేకు చదునుగా ఉన్నప్పుడే. రేకు వంగకుండా నిలిచే శక్తి దాని మందానికి ఘనంగా మారుతుంది: మందం సగమైతే ఆ శక్తి ఎనిమిదో వంతు, ఐదో వంతైతే నూట ఇరవై ఐదో వంతు. బిళ్ళలు ఆరు రెట్లయ్యాయని సంతోషించేలోగా ఒక్కో బిళ్ళా చిటికెనవేలి ఒత్తిడికే ముడుచుకుపోయే స్థితికి వచ్చేస్తుంది. పెద్దల తీర్పులో నిజమున్న సగం ఇదే.

మిగతా సగానికి సాక్ష్యం కొల్లేటి పల్లెల్లో ఏ చేపల చెరువు గట్టు మీదైనా కనబడుతుంది. కాపలా గుడిసె మీద కప్పిన ఇనుప రేకు మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. చదును రేకైతే దాని బరువుకు అదే జోగుతుంది. అలలు తీసిన రేకు గాలివానకు తట్టుకుంటుంది, మరమ్మతుకు ఎక్కిన మనిషిని మోస్తుంది. ఇనుము అదే, మందమూ అదే, మారినదల్లా రూపం. ఆ గట్టు మీది తాటిచెట్టుకు ఈ సంగతి మనిషికంటే ముందే తెలుసు. అంత వెడల్పాటి ఆకు కాడ చివర వేలాడిపోకుండా విచ్చుకుని నిలబడేది మడతల బలంతోనే. కారణం కష్టమైనదేమీ కాదు. రేకు వంగేటప్పుడు ఒక ముఖం సాగుతుంది, రెండో ముఖం కుంచించుకుంటుంది, నడిమి పొరకు పెద్దగా శ్రమ ఉండదు. లోహాన్ని ఆ నడిమి పొర నుంచి పైకీ కిందికీ ఎంత దూరం జరిపితే వంపును అంతగా ఎదిరిస్తుంది. 0.2 మిల్లీమీటర్ల బంగారు రేకు మీద, లోయ నుంచి శిఖరానికి 0.4 మిల్లీమీటర్ల ఎత్తున వరస అలలు తీస్తే, ఆ చాళ్ళకు అడ్డంగా మడత పెట్టాలంటే సుమారు 7 రెట్లు బలం కావాలి. బంగారం మాత్రం ఒక్క వీసమెత్తు పెరగలేదు. అయితే చాళ్ళ వెంబడి మడిస్తే ఆ రేకు మామూలుగానే మడతపడుతుంది. మన పాత నగల్లో ఒంటి గీతల వరసలు అరుదుగా, చుట్టలు తిరిగిన తీగలూ పూరేకులూ పొలుసులూ ఎక్కువగా కనిపించడానికి అందం ఒక కారణమైతే, బలం నాలుగు దిక్కులకూ పంచబడడం దానికి తోడైన లాభం. సుత్తి దెబ్బ మరో మేలు కూడా చేస్తుంది. చల్లని స్థితిలో కొట్టినకొద్దీ బంగారం గట్టిపడుతుంది. కాల్చి మెత్తబరచిన రేకుతో పోలిస్తే బాగా దెబ్బలు తిన్న రేకు కాఠిన్యం రెట్టింపు దాకా పోతుంది. అందుకే కంసాలి పని మధ్యమధ్య రేకును ఎర్రగా కాల్చి మెత్తబరుస్తాడు, చివరి దెబ్బల తర్వాత మాత్రం వీలైనంతవరకు మళ్ళీ కాల్చడు.

ఈ విద్య మనకు యంత్రాలతో వచ్చినది కాదు. ఏలూరుకు ఉత్తరాన కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న పెదవేగి ఒకనాటి వేంగి. ఆ పేరుమీద సాగిన తూర్పు చాళుక్యుల రాజ్యంలో 11వ శతాబ్దపు బంగారు నాణేలు చూస్తే నాణేనికంటే నగకే దగ్గరగా ఉంటాయి. చాళుక్యచంద్రుడన్న బిరుదున్న శక్తివర్మవీ, నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుడివీ ఇలాంటివి దొరికాయి. మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు గ్రాముల పైచిలుకు బరువు. ఆ బరువును ఆ వెడల్పుకు పరిచి చూస్తే మందం మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా రాదు. నడుమ చాళుక్యుల వరాహ ముద్ర, చుట్టూ అంచు వెంబడి రాజు పేరు. ఆ పేరును ఒకే అచ్చుతో కొట్టలేదు. ఒక్కో అక్షరానికి ఒక్కో చిన్న ముద్ర చేసుకుని వరసగా దించారు. రాజరాజు నాణేల మీద పాలనా సంవత్సరపు అంకె కూడా ఇలాగే పడింది. ఇవి వేంగి నేలలోనే మిగల్లేదు. అరకాన్ తీరపు దీవిలోనూ సయాంలోనూ బయటపడ్డాయి. ఓడల్లో సముద్రం దాటి, వెయ్యేళ్ళ తర్వాత కూడా చదివించుకుంటున్న రేకులివి. గట్టిదనం కోసమే ముద్రలు కొట్టారని చెప్పడానికి ఆధారం లేదు, వాళ్ళ ఉద్దేశం రాజముద్ర వేయడమే. అయినా అంత పలచని రేకు మీద అంచు పొడవునా గుండ్రంగా లోతైన దెబ్బలు పడితే ఆ వలయం రేకుకు కట్టు కట్టినట్టవుతుంది. కొట్టినవాడి ఉద్దేశం ఏదైనా లోహం తన ధర్మం తాను చేసుకుపోతుంది.

ఆ అక్షరాలను విడివిడిగా ఎందుకు కొట్టారన్న ప్రశ్న దగ్గరే ఈ పని మొత్తం కీలకం ఉంది. అరచేతిలో సగమంత రేకు మీద ఒక్క దెబ్బకు బొమ్మంతా దిగాలంటే బండెడు బలం కావాలి. అదే సుత్తి దెబ్బను గోరంత ముద్ర మీద పెడితే బలమంతా ఆ గోరంత చోటే పడుతుంది, బొమ్మ స్పష్టంగా దిగుతుంది. రేకు మీద ముద్ర వేసే పద్ధతులన్నీ ఈ బలాన్ని ఎలా పంచాలన్న చిక్కుకు దొరికిన వేర్వేరు జవాబులు. మొదటిది బిందువు దారి: ఉలి, చిన్న ముద్ర, సుత్తి. రేకును లక్క మీద అతికి, వెనుక నుంచి కొట్టి ఉబ్బించి, తిప్పి ముందు నుంచి గీతలు దిద్దడం. దీన్నే మనం నగిషీ అంటున్నాం, ఈనాటి కొట్లలో నక్షీ అని పిలుస్తున్నారు. లక్క ఇక్కడ జిగురు మాత్రమే కాదు. దెబ్బ పడిన చోట కుంగుతూ, పక్కన రేకును పట్టి ఉంచుతూ, లోహం చిరగకుండా సాగనిచ్చే పరుపు అది. తెలంగాణలో జనగామ దగ్గరి పెంబర్తి కళాకారులు ఇత్తడి రేకు మీద దేవతామూర్తులనూ వాహనాలనూ తేల్చేది ఈ పద్ధతిలోనే. గుళ్ళలో ధ్వజస్తంభాలకు తొడిగే ఇత్తడి, రాగి రేకుల మీది పనీ ఈ కుదురుదే.

రెండోది వైశాల్యపు దారి. బొమ్మను గుంటగా చెక్కిన కంచు అచ్చులోనో ఉక్కు డైలోనో రేకును పెట్టి, పైనుంచి సీసం ముక్క లాంటి మెత్తని దాన్ని ఉంచి కొడితే రేకు గుంటలోకి దిగి బొమ్మ తేలుతుంది. పుస్తెలు, కాసులు, రెండు సగాలుగా అద్ది అతికే గుండ్లు ఈ దారిలో వచ్చేవే. కంసాలి అచ్చు ఎంత పాతదో నాగార్జునకొండ చెబుతుంది. 1954 నుంచి 1960 వరకు, సాగర్ నీళ్ళు ముంచెత్తక ముందు జరిపిన తవ్వకాల్లో ఇక్ష్వాకుల కాలపు స్వర్ణకారుడి దుకాణం ఒకటి మూసలతో, గీటురాయితో, నగల అచ్చులతో సహా బయటపడింది. ఇప్పుడా సుత్తి స్థానంలోకి హైడ్రాలిక్ ప్రెస్ వచ్చింది. మూడోది గీత దారి. రెండు ఉక్కు రోలర్ల నడుమ చెరకు గడ పెట్టినట్టు రేకును పెట్టి తిప్పే మిల్లు. రేకుతో పాటు బొమ్మ చెక్కిన ఇత్తడి పలకనో, గరుకు గుడ్డనో, చివరికి ఈనెలు తేలిన ఎండుటాకునో పెట్టి తిప్పినా ఆ ముద్ర రేకు మీద అచ్చుపడుతుంది. బలం ఏ క్షణానా సన్నని గీత పొడవునే పడుతుంది కాబట్టి చేతితో తిప్పే మిల్లు కూడా ఆ పని చేయగలదు. షరతులు మూడు: రేకు బాగా కాల్చి మెత్తబరచినదై ఉండాలి, తడి బొత్తిగా ఉండకూడదు, రోలర్ల మధ్య సందు మొదటిసారే సరిగ్గా బిగించాలి. రెండోసారి తిప్పితే గీత మీద గీత పడి బొమ్మ చెడుతుంది.

ఈ మూడు దారుల మధ్య కొనేవారు గుర్తించవలసిన తేడా ఒకటుంది. ఉలితోనో అచ్చులోనో ఉబ్బించిన రేకుకు వెనుక వైపు తిరగబడిన బొమ్మ కనిపిస్తుంది. ముందు గుట్ట ఉన్నచోట వెనుక గుంట ఉంటుంది. అంటే లోహం నడిమి పొర నుంచి నిజంగా జరిగింది, రేకు రూపం మారింది. రోలింగ్ మిల్లులో పడిన పైపై ముద్ర అలా కాదు. అందులో వెనుక చాలాసార్లు నున్నగానే ఉంటుంది. పలక ఒత్తిన చోట బంగారం పలచనైంది, అంతే. రోలర్ల నలుగుడుకు లోహం గట్టిపడుతుంది కానీ, రూపం వల్ల వచ్చే బలం అందులో లేదు. లోతు మరీ ఎక్కువైతే ఆ గీతలే మడతపడే చోట్లవుతాయి. కనుక "డిజైన్ ఉంది కాబట్టి గట్టిది" అనడం, "రేకు కాబట్టి బలహీనం" అనడం రెండూ ఒకే రకం తొందరపాటు. నగను వెనక్కి తిప్పి ఒక్క క్షణం చూస్తే రెండింటి మధ్య నిజం కనబడుతుంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం అనుభవం నుంచి పుట్టినదే. రేకు నగ సొట్టపోతుంది, లోపల లక్క నింపి బరువు చూపిస్తారు అంటారు. సొట్ట మాట నిజం. ఉబ్బెత్తు రూపం వంపును ఆపుతుంది గానీ, ఒక్క చోట పడిన మొనదెబ్బను పలచని రేకు పూర్తిగా ఆపలేదు. అందుకే రూపు ఎంత బాగున్నా రోజూ అంట్ల మధ్య తిరిగే గాజుకూ, వేలి ఉంగరానికీ ఈ పద్ధతి నప్పదు. పెళ్ళిళ్ళకూ పండగలకూ పెట్టెలోంచి తీసే కాసుల పేరుకూ, వడ్డాణపు బిళ్ళకూ, జడబిళ్ళకూ నప్పుతుంది. నిత్యం మెడలో ఉండే పుస్తెలకు వీటి నడిమి మందం కావాలి. లక్క విషయం వేరు. బోలు నగలో లక్క నింపడం మోసమని తేలిగ్గా అనేస్తాం గానీ, లోపలి నుంచి ఆనుకుని సొట్టపడకుండా కాచేది అదే. దాన్ని బంగారం ధరకు తూచినప్పుడే అది మోసమవుతుంది. దానికి విరుగుడు బిల్లులోనే ఉంది. హాల్‌మార్కు నగకిచ్చే బిల్లులో బంగారం నికర బరువు, వన్నె రాయాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగను ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య లేకుండా అమ్మకూడదు. లక్కను తీసేసి లెక్క కట్టారా అని అడగడం కొనేవారి హక్కు.

రెండో అభ్యంతరం మన భాషలోనే ఉంది. బందరు దగ్గరి చిలకలపూడి పేరు చెబితే నకిలీ నగ గుర్తొస్తుంది. 'చిలకలపూడి బంగారం' అన్న మాట మనుషుల మీద విసిరే ఎత్తిపొడుపు కూడా అయింది. రాగి, ఇత్తడి లాంటి లోహం మీద పలచని బంగారు పొరను అతికించి, కలిపి రేకుగా సాగదీయడం రోల్డ్ గోల్డ్ మూలసూత్రం. తర్వాత విద్యుత్తుతో పూత పూసే పద్ధతి వచ్చింది. కొల్లేటికి దక్షిణాన ఉన్న ఆ ఊరి వల్ల రేకు పని అంటేనే అనుమానంగా చూసే అలవాటు బలపడిందన్న వాదనలో కొంత న్యాయముంది. కానీ చిలకలపూడి పనివాడు తన సరుకును మేలిమి అని అమ్మలేదు, రోల్డ్ గోల్డ్ అనే అమ్మాడు. అతను నిరూపించింది మరొకటి: నగకు చూపు తెచ్చేది అచ్చులో దిగిన రూపమేనని, ఆ రూపానికి కాసులు కుమ్మరించనక్కర్లేదని. ఇక యంత్రపు అచ్చు చేతిపనిని చంపిందన్న బాధ ఉంది. అందులో ఒక భాగాన్ని ఒప్పుకోవాలి. ఎక్కడో కంప్యూటరు చెక్కిన డైలు కొని తెచ్చుకుంటే ఒక ఊరి హంసకూ మరో ఊరి హంసకూ తేడా మిగలదు. అయితే అచ్చు వాడడమే కళకు ద్రోహమంటే వేంగి ముద్రలవాడినీ నాగార్జునకొండ స్వర్ణకారుడినీ కూడా తప్పు పట్టాలి. ఒక బొమ్మను మళ్ళీ మళ్ళీ కొట్టడం వాళ్ళ పనిలోనూ ఉంది. కాపాడుకోవలసింది సుత్తి దెబ్బల సంఖ్యను కాదు, ముద్ర చెక్కే చేతిని. ఏటా ఒక కొత్త అచ్చు చెక్కగలవాడు ఊళ్ళో ఉన్నంతకాలం ప్రెస్ అతనికి పనిముట్టుగానే ఉంటుంది.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం డబ్బుది. అవసరానికి నగ తాకట్టు పెడితే తూచేది బంగారాన్నే, కరిగిస్తే తీగలూ హంసలూ కుంపట్లో కలిసిపోతాయి, అలాంటప్పుడు వాటికి మజూరి ఎందుకు పోయాలి అన్నది ఆ ప్రశ్న. వరి పంట మీదో చేపల ధర మీదో బతికే ఇళ్ళలో బంగారమే బ్యాంకు కాబట్టి దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కానీ దాచుకోవడమే లక్ష్యమైతే బిస్కెట్టో నాణెమో కొనడం మేలు, వాటిమీద మజూరి నామమాత్రం. నగ కొన్నవారు దాచుకోవడంతో పాటు పెట్టుకోవడానికీ డబ్బు చెల్లిస్తున్నారు. పలచని రేకులోని గ్రాముకూ దిమ్మలోని గ్రాముకూ తాకట్టు విలువ ఒకటే. పోయేది మజూరి ఒక్కటే, అది పెట్టుకున్న ఏళ్ళకు చెల్లించిన అద్దె అనుకోవచ్చు. తేలిక నగకు తరుగు శాతం ఎక్కువ వేస్తున్నారన్న కోపం కూడా ఇక్కడి నుంచే వస్తుంది. నగిషీకి పట్టే శ్రమ రేకు వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, బరువును బట్టి కాదు. ఆరు బిళ్ళల పనిని ఒక కాసులో ఇరికించినప్పుడు గ్రాముకు పడే మజూరి పెరగక తప్పదు. అసలు తప్పు కూలిని బంగారం విలువలో శాతంగా లెక్కగట్టడంలో ఉంది. ఆ లెక్కలో బంగారం ధర పెరిగితే అదే పనికి మజూరి పెరుగుతుంది, నేర్పుతో బరువు తగ్గిస్తే మజూరి తగ్గుతుంది. బంగారం ఆదా చేసే నైపుణ్యానికి ప్రతిఫలం లేని చోట ఆ నైపుణ్యం నిలవడం కష్టం. పనికి పనిగా ధర చెప్పి, తరుగును నిజంగా పోయిన రజనుకే పరిమితం చేస్తే కొనేవారికీ పనివాడికీ న్యాయం జరుగుతుంది.

కాబట్టి బిల్లులో మూడో గడి ఒకటి రావాలి: రేకు మందం, పని రకం. ఇది గొంతెమ్మ కోరిక కాదు. రేకు మందాన్ని మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలిచే స్క్రూ గేజి కాలేజీ ప్రయోగశాలల్లో పిల్లల చేతుల్లో ఉండే పరికరం. ఏ నగకు ఎంత మందం చాలు, ఎంత లోతు ముద్ర వేస్తే ఎంత గట్టిదనం వస్తుంది అన్నవి కొలవగలిగిన విషయాలు. 2015లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐటీ తాడేపల్లిగూడెంలోనే ఉంది, లోహశాస్త్రం బోధించే విభాగమూ అందులో ఉంది. అక్కడికి కాస్త దూరంలోనే కంసాలి దాకలి ముందు కూర్చుని, రేకు ఎప్పుడు కాల్చాలో, ఏ దెబ్బ దగ్గర ఆపాలో చేతి స్పర్శతో నిర్ణయిస్తున్నాడు. ఆ చేతికి తెలిసినదాన్ని అంకెల్లోకి తెస్తే బజారుకు ఒక కొలమానం దొరుకుతుంది. అంతదాకా కొనేవారి చేతిలో ఖర్చులేని పరీక్ష ఒకటుంది. వన్నె చూసి, బరువు చూసి, ధర అడిగాక, నగను ఒక్కసారి బోర్లించాలి. వెనుక కూడా హంస ఉందా, గుంటలు పడి, తిరగబడి, సుత్తి గుర్తులతో? ఉంటే ఆ రేకు తన బలాన్ని తానే మోస్తోంది. నున్నగా ఉంటే మందం ఎంతో అడగాలి.